కాపడం

ఆస్పత్రిలో మెట్లెక్కగానే కుడివైపు ఉండేది ఆ గది. ఆపరేషన్‌కి ముందు మనుషుల్ని ఉంచే గది. పొడుగ్గా ఉంటుంది, మూడే మంచాలు. గోడలకి నడుము ఎత్తుదాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన సున్నం. మంచాల కింద చెప్పులు, ఫ్లాస్కులు, ప్లాస్టిక్ సంచులు. ఫినాయిల్ వాసనలో తడి గొడుగుల వాసన కలిసిపోయింది. కిటికీ అవతల పొద్దుటినుంచీ తెరిపి లేకుండా వాన. భయపడాల్సిందేమీ లేదక్కడ.

కిటికీ పక్క మంచం మా అమ్మాయిది. పదో తరగతి చదువుతోంది. ముందురోజు బడి నుంచి వచ్చి బొడ్డు చుట్టూ నొప్పి అంది. అన్నం ముట్టలేదు. తెల్లారేసరికి ఆ నొప్పి కుడివైపు కిందికి దిగి, మేకు కొట్టినట్టు అక్కడే నిలిచిపోయింది. కాలు చాపలేదు, దగ్గలేదు. మా ఆవిడ గుడ్డ వేడిచేసి కాపడం పెట్టబోయింది. నేనే వద్దని ఆటో పిలిచాను. నాకేదో తెలిసి కాదు. ఆలస్యమవుతుందని.

సిస్టర్ మా అమ్మాయి పొట్ట నొక్కి చూసి అడిగిన మొదటి మాట అదే.

"కాపడం పెట్టారా?"

"లేదమ్మా," అన్నాను.

"బతికిపోయారు. వేడి తగిలితే లోపల ఉబ్బిన అపెండిక్స్ పగులుతుంది. ఇంకోమాట వినండి. నొప్పి ఎక్కువైతే ఓర్చుకోమనండి. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం పరుగెత్తుకొచ్చి నాకు చెప్పండి."

"తగ్గితే మంచిదే కదమ్మా," అంది మా ఆవిడ.

"పగిలినప్పుడే అలా తగ్గుతుంది. కాసేపు హాయిగా ఉంటుంది. నవ్వుతారు, కబుర్లు చెబుతారు. ఆ తరవాత ఒళ్ళంతా విషం." ఆవిడ సిరంజి విరిచి బుట్టలో పడేసింది. "కాబట్టి మీ అమ్మాయి ఏడుస్తున్నంతసేపూ మీరు సంతోషించండి."

కటువైన మనిషి. నాకు నచ్చింది. నేను మిల్లు గేటు దగ్గర కాపలా పని చేస్తాను. మా పనిలో ఉన్నది ఒకటే నియమం. చార్జి పుచ్చుకున్నవాడు మళ్ళీ చార్జి అప్పగించేదాకా కదలకూడదు. పక్కవాడితో "కాస్త చూస్తుండు" అని చెప్పి టీకి పోకూడదు. ఆ మాట అన్నవాణ్ణి నేను క్షమించను. వెనకాల నన్ను ఏమని తిట్టుకుంటారో తెలుసు. తిట్టుకోనివ్వండి.

ఆస్పత్రిలో మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినపడేది ఆ ఒక్క మాటే. కాస్త చూస్తుండండి, మందులు తెచ్చుకొస్తా. కాస్త చూస్తుండండి, ఫోన్ మాట్లాడొస్తా. ముక్కూమొహం తెలియనివాళ్ళకి కన్నవాళ్ళని అప్పగించి పోతుంటారు. అడిగించుకున్నవాళ్ళు కూడా అదేదో గొప్ప మర్యాద అయినట్టు తల ఊపుతారు.

ఆ గదిలో ఉన్న ముగ్గురిదీ ఒకటే జబ్బు. తలుపు పక్క మంచం మీద ముసలి లారీ డ్రైవర్. ఎప్పుడో దెబ్బ తగిలి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలిపోయింది. ఆయనకి నొప్పి పెద్దగా లేదు. వయసు మీరినవాళ్ళకి నొప్పి సరిగ్గా తెలియదట, అదే ప్రమాదమట, అందుకే డాక్టర్ ఆయన్ని ముందు పెట్టాడు. మధ్య మంచం మీద నిండు నెలలు దగ్గరపడుతున్న ఒకమ్మాయి. కడుపులో బిడ్డ పైకి నెట్టడం వల్ల ఆమెకి నొప్పి పక్కటెముకల కింద వచ్చింది. బిడ్డ తన్నుతోందని మురిసిపోతూ ఇంట్లోనే కూర్చున్నారు. ఆమె రెండోది. మా అమ్మాయి ఆఖరు. రెండో థియేటర్‌లో కప్పు కారుతోందని తాళం వేశారు. ఉన్నది ఒక్కటే, అందులో పొద్దున్నుంచీ వేరే ఆపరేషన్లు.

ఆ వరస గురించి పొద్దున్నుంచీ కొట్లాట.

"కడుపుతో ఉన్న మనిషిని ఆపి, బతికినంత బతికినాయన్ని తీసుకెళ్తారా?" అన్నాడు మధ్య మంచం అమ్మాయి భర్త. టైలరు. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చాడు.

"నా బండి ముందుంది. నువ్వు ఎంత హారన్ కొట్టినా సైడివ్వను," అన్నాడు డ్రైవర్. తరవాత నావైపు తిరిగాడు. "నువ్వు మిల్లు గేటువాడివా? గేటువాళ్ళంటే నాకు పడదయ్యా. లోడుతో వస్తే ఎండలో నిలబెడతారు."

"చీటీ లేకపోతే నిలబెడతాం."

"నీ చావొచ్చి నిలబడినా చీటీ అడిగే రకంలా ఉన్నావు."

"అడుగుతాను," అన్నాను.

ఆయన నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న కొడుకు ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "వీడొక్కడేనయ్యా నాకు," అన్నాడు డ్రైవర్. "అక్కా లేదు, చెల్లీ లేదు, అన్నదమ్ములూ లేరు. మా నాన్న ఆస్తంతా నాకే వచ్చింది. ఆస్తే లేదు, అది వేరే సంగతి."

మధ్యాహ్నం దాటేసరికి మబ్బు ఇంకా దిగింది. ట్యూబులైటు వెలుగు కూడా చాలడం లేదు. డ్రైవర్ కొడుకు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. గోడ దగ్గర ఇనప బీరువా పక్కన ఒకావిడ నిలబడి ఉంది. బూడిదరంగు శాలువా, చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట ఏదో. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. ముఖం ఎలా ఉందంటే... చెప్పలేను. ఎవరి ముఖమైనా కావచ్చు. టైలరు తల్లి కాబోలు అనుకున్నాను.

"కాస్త మా నాన్నని చూస్తుండండమ్మా," అన్నాడు వాడు. "టీ తాగొస్తా."

ఆవిడ తల ఊపింది. ఆ కాస్త మాట కోసమే నిలబడ్డట్టు వెంటనే కదిలి ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. మా అమ్మాయి మూలిగితే నేను ఇటు తిరిగాను.

కొడుకు తిరిగొచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. డ్రైవర్ కాళ్ళు బారచాపుకుని పడుకున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"హాయిగా ఉందిరా. అసలు నొప్పే లేదు. ఈ కత్తులూ కటార్లూ అక్కర్లేదు. ఆ అమ్మాయినే ముందు తీసుకెళ్ళమను."

టైలరు చేతులు జోడించాడు. నాకు మాత్రం సిస్టర్ మాట చెవిలో మోగింది.

"ఉన్నట్టుండి తగ్గితే చెప్పమన్నారు," అన్నాను. "పిలుస్తాను."

"నీ గేటు నువ్వు చూసుకోవయ్యా," అన్నాడు కొడుకు. "తగ్గిందని కూడా ఓర్వలేరా?"

నేను వినలేదు. సిస్టర్‌ని పిలుచుకొచ్చాను. ఆవిడ దుప్పటి తీసి ఆయన పొట్ట మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అలాగే ఉంచింది. చెక్కలా ఉంది పొట్ట. దాని మీద చర్మం గుండ్రంగా ఎర్రబడి, అడ్డంగా గీతలు గీతలుగా... వేడినీళ్ళ రబ్బరు సంచి ఆనించినట్టు.

"కాపడం ఎవరు పెట్టారు?" అని అడిగింది.

డ్రైవర్ అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు. చెమటలు పట్టాయి. పెదాలు నల్లబడ్డాయి. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే పోయాడు.

కొడుకు గోడకి జారగిలబడి ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని అటూ ఇటూ చూశాడు.

"మా అత్తయ్య ఏదీ?"

"ఎవరు?" అన్నాను.

"మా అత్తయ్యండీ. నాన్న చెల్లెలు. ఇప్పటిదాకా ఇక్కడే కూర్చుందిగా. నాన్న పోయాడని ఆవిడకి నేనెలా చెప్పను?"

చెల్లెలు లేదని వాడి తండ్రి నోటితోనే విన్నాను. అది వాడికి చెప్పలేదు. దుఃఖంలో మనిషికి మతి ఉండదనుకున్నాను. వాడు ప్రతి గదిలోకీ తొంగిచూస్తూ, అత్తయ్యా అత్తయ్యా అని పిలుచుకుంటూ శవం వెంట వెళ్ళాడు.

టైలరు భార్యని థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. అతను తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"ఆ శాలువా ఆవిడ డ్రైవర్ తాలూకు కాదాండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీ అమ్మగారనుకున్నాను."

"మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది."

ఇద్దరం బీరువా వైపు చూశాం. ఎవరూ లేరు. అతను బయటికి వెళ్ళి థియేటర్ ముందే నిలబడ్డాడు.

గదిలో మేమే మిగిలాం. మా అమ్మాయి పళ్ళు బిగించి దిండు కొరుకుతోంది. నేను మా ఆవిణ్ణి పక్కకి పిలిచాను.

"విను. నువ్వు దీని దగ్గర్నుంచి కదలకు. ఎవరొచ్చినా, ఎంత మంచిగా మాట్లాడినా, అమ్మాయిని చూస్తుండమని మాత్రం చెప్పకు."

"మీ గేటు రూల్సు ఇక్కడ కూడానా?" అంది. "పిల్ల ప్రాణం పోతుంటే."

"పిల్ల ప్రాణం కోసమే."

అప్పుడే సిస్టర్ రక్తం సీసా నా చేతిలో పెట్టింది. కింద ల్యాబ్‌లో ఇచ్చి, గ్రూపు రాయించుకుని రావాలి. తరవాతి పేషెంటు మా అమ్మాయే. తను థియేటర్ లోపల ఉండాలంది. వేరే మనిషి లేడు. వెళ్ళక తప్పలేదు.

ల్యాబ్ దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. కిటికీ అవతల కూర్చున్నవాడు ఎవరి ముఖమూ చూడకుండా కసురుతున్నాడు. గంట నిలబడ్డా నా వంతు రాకముందే కరెంటు పోయింది. జనరేటరు థియేటర్ ఒక్కదానికేనట. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదయింది. చీకట్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. తెలిసిన చప్పుడే.

మా ఆవిడ.

"పక్కమంచం అమ్మాయి ఆపరేషన్ అయిపోయింది. సంతకం తండ్రే పెట్టాలట. లోపలికి తీసుకెళ్తున్నారు, త్వరగా రమ్మన్నారు," అంది ఆయాసపడుతూ.

"అమ్మాయి దగ్గర ఎవరున్నారు?"

"ఒంటరిగా వదిలేస్తానా? శాలువా ఆవిడ ఉంది. పాపం తనే లేచి వచ్చింది. ఒక్క నిమిషం చూస్తుండమ్మా అని చెప్పి వచ్చాను."

రక్తం సీసా నా చేతిలోంచి జారి పగిలింది. ఆ చప్పుడు వినపడేసరికి నేను మెట్ల మీద ఉన్నాను.

పైన చీకటి. వరండా పొడుగునా వాన జల్లు. థియేటర్ తలుపు కింద సన్నటి వెలుగు గీత. మా గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

తోశాను.

వాసన ముందు తగిలింది. కాగిన రబ్బరు వాసన. ఉడికిన తడిగుడ్డ వాసన. గదంతా వెచ్చగా ఉంది... జ్వరం వచ్చిన మనిషి పక్కన పడుకున్నట్టు.

స్టూలు మీద ఆవిడ. వీపు నావైపు. చెయ్యి మెల్లగా కదులుతోంది. మా అమ్మాయి మూలగడం లేదు.

"ఎవరు మీరు?" అన్నాను. గేటు దగ్గర అడిగే గొంతుతోనే అన్నాను.

"చూస్తుండమన్నారు," అంది గుసగుసగా. "చూస్తున్నాను."

"లేవండి."

"ఎందుకయ్యా? పసిది. పొద్దున్నుంచీ ఏడుస్తోంది. కన్నతండ్రివి, చూస్తూ కూర్చున్నావు. నేను రాగానే ఎంత హాయిగా ఉందో చూడు."

"ఏడవనివ్వండి. నేను వచ్చాను. చార్జి నాకు ఇచ్చేయండి."

ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వింది కాబోలు.

"నాకు ఇచ్చింది నువ్వు కాదుగా."

"నాన్నా..." మా అమ్మాయి గొంతు. మత్తుగా ఉంది. "తీయొద్దు నాన్నా... తగ్గుతోంది..."

తగ్గుతోంది. ఇంకా తగ్గలేదు... తగ్గుతోంది. ఒక అడుగు వేశాను. ఇంకొకటి. ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాచి తువ్వాలు పట్టుకున్నాను. కింద ఎర్రటి రబ్బరు సంచి. బరువుగా ఉంది. నీళ్ళ బరువు కాదది. నా వేళ్ళ కింద ఏదో ఉబ్బింది... తగ్గింది... మళ్ళీ ఉబ్బింది. ఊపిరి పీలుస్తున్నట్టు.

లాగాను. రాలేదు. చర్మానికి అతుక్కుపోయింది.

మళ్ళీ లాగాను.

మా అమ్మాయి కేక పెట్టింది. ఆస్పత్రి అదిరిపోయేలా పెట్టింది. మోకాళ్ళు పొట్టకి ముడుచుకుని, నాన్నా చచ్చిపోతున్నా అని అరిచింది. అంత మంచి చప్పుడు నేను నా జన్మలో వినలేదు.

అప్పుడు ఆవిడ తల తిప్పింది. కిటికీలోంచి మెరుపు. ముఖం నాకు ఇప్పటికీ గుర్తు లేదు. చెవి మాత్రం చూశాను. ఎడమ చెవి. తమ్మె రెండుగా చీలి ఉంది.

"నువ్వు లాక్కుంటే కాదు," అంది. "ఇచ్చినవాళ్ళు అడగాలి."

థియేటర్ మనుషులు టార్చీలతో స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చారు. వెలుగు పడేసరికి స్టూలు ఖాళీ. నా చేతిలో పొడి తువ్వాలు ఒక్కటే ఉంది. సంతకం ఎక్కడ పెట్టానో, ఎలా పెట్టానో తెలియదు. రక్తం వాళ్ళే మళ్ళీ తీసుకున్నారు.

బయటికి వచ్చాక డాక్టర్ మాస్కు దించి చెప్పాడు. "పగలడానికి సిద్ధంగా ఉంది. ఇంకాసేపు ఆగి ఉంటే చేతులెత్తేసేవాళ్ళం." టైలరుకి కూడా తల్లీ బిడ్డా క్షేమమని చెప్పారు. అతను టేపు కొస కళ్ళకి అద్దుకున్నాడు. నావైపు చూశాడు గానీ పలకరించలేదు. ఆ గదిలో ఉన్నవాళ్ళం మళ్ళీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలనుకోలేదు.

నేను మా ఆవిణ్ణి వరండా చివరికి తీసుకెళ్ళాను.

"నువ్వు ఆవిడకి అమ్మాయిని అప్పగించావు. ఆ మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి. ఇక చాలు, మా పిల్లని మేం చూసుకుంటాం అని పైకి చెప్పు."

"ఎవరికి చెప్పాలి?"

"ఆ శాలువా ఆవిడకి."

ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అన్నం తినలేదు మీరు. అందుకే ఇలా మాట్లాడుతున్నారు. నేను ఎవరికీ అప్పగించలేదు. బయటివాళ్ళకి ఎందుకు అప్పగిస్తాను?"

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నిజంగానే గుర్తు లేదు. కోప్పడ్డాను. బతిమాలాను కూడా. బతిమాలడం నాకు అలవాటు లేని పని. గోడకి చెప్పినట్టయినా చెప్పమన్నాను. "పిచ్చి పట్టిందా?" అని లోపలికి పోయింది.

కుట్లు విప్పించుకుని ఇంటికి బయలుదేరిన రోజు కూడా వానే. ఆస్పత్రి గుమ్మంలో ఆటో ఆగింది. అమ్మాయిని మెల్లగా లోపలి చివరికి ఎక్కించాను. తరవాత మా ఆవిడ ఎక్కాలి. ఎక్కలేదు. గొడుగు పట్టుకుని వెనక్కి చూస్తూ నిలబడింది.

"ఎక్కు," అన్నాను.

"వదినగారు రానీండి."

"ఏ వదిన?"

"బాగుంది వరస. మీ అక్కయ్యండీ. ఇన్నాళ్ళూ పిల్లని కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని వదిలేసి పోతామా?"

నాకు అక్క లేదు. చెల్లెలు లేదు. మా అమ్మకి నేనొక్కడినే.

మెట్ల వైపు చూశాను. తడి మెట్లు. ఎవరూ లేరు. మా ఆవిడ గొడుగు కాస్త పక్కకి వంచింది, ఎవరికో తడవకుండా పడుతున్నట్టు. "జాగ్రత్త వదినా, జారుతుంది," అంది. లోపల మా అమ్మాయి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, ఇంకొంచెం అటు జరిగి చోటిచ్చింది.

"నొప్పిగా ఉందామ్మా?" అన్నాను.

"అస్సలు లేదు నాన్నా," అని నవ్వింది.

మా ఆవిడ ఎక్కి ఇటు చివర కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ. నేను లోపలికి వంగి ఆ రెక్సిన్ సీటు మీద అరచెయ్యి ఆనించాను.

వెచ్చగా ఉంది.